ఆరున్నొక్కటో డిస్కు

పాండురంగారావుని చంపిన తూటా ముందు అతని గుండెలోంచి, తర్వాత అతని వెనకున్న నాలుగో డిస్కులోంచి దూసుకుపోయి, గోడ పక్కనున్న మామిడికాయల గంపలో ఆగింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. డిస్కు కాసేపు కీచుమని తిరిగి ఆగిపోయింది. గంపని సాక్ష్యం పేరుతో పోలీసులు పట్టుకెళ్ళారు. రసాలు కావడంతో ఆ సాక్ష్యం మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

అది 1989 ఏప్రిల్ ఆఖరు. మేలో ఒక ఉదయం హైదరాబాదులో, బోర్డు లేని ఒక ఆఫీసులో, చీఫ్ శేషగిరిరావు ఫైలు మూసి తలెత్తాడు.

"నూజివీడు వెళ్ళాలయ్యా, బసవపున్నారావ్."

బసవపున్నారావు అనే పేరుతో ఒక సీక్రెట్ ఏజెంట్ ఉంటాడని ఏ శత్రుదేశమూ అనుకోదు. డిపార్ట్‌మెంట్ అతన్ని తీసుకోవడానికి సగం కారణం అదే. మిగతా సగం కారణం, ఎదుటివాడు ఎంత సేపు మాట్లాడినా అడ్డు తగలకుండా వినగలగడం.

"పాండురంగారావు మన ల్యాబ్ ఇంజనీరు" అన్నాడు చీఫ్. "మన ఆఫీసు ఫోన్లన్నీ చాటుగా రికార్డు చేశాడు. టేపు మీద కాదు. మాటని అంకెలుగా మార్చి ఎనిమిది డిస్కుల మీద పరిచే మిషను సొంతంగా కట్టాడు. డిస్క్ ఎర్రే అంటారు. యూనిక్స్ మీద నడుస్తుంది. ఉన్నట్టుండి లీవు పెట్టి, ఆ మిషన్ని లారీలో వేసుకుని వాళ్ళ ఊరు పట్టుకుపోయాడు."

"ఎందుకు సార్?"

"మనలో ఒకరు అవతలి ముఠాకి అమ్ముడుపోయారట. ఆ గొంతు డిస్కుల మీద ఉందని ఢిల్లీకి కబురు పెట్టాడు. ఎవరిదో చెప్పేలోపే పోయాడు."

"మరి డిస్కులు?"

"అవీ పోయాయి. ఎక్స్‌పర్ట్స్ చూసొచ్చారు. ఒకటోది లేదు, ఏడోది లేదు, నాలుగోదానికి తూటా తగిలింది. ఒక్కటి పోతే రాబట్టొచ్చట. మూడు పోతే రాబట్టలేమట. ఢిల్లీ వాళ్ళు ఇంకోసారి చూడమంటున్నారు. చూసినట్టు రాయాలిగా, అందుకే నువ్వు."

చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇన్నయ్య వచ్చేస్తున్నాడు. రేపు పొద్దుగూకే వేళకి అవతలి రేవులో లాంచి ఎక్కుతాడు."

ఇన్నయ్య బసవపున్నారావుకి తోడబుట్టనివాడు గానీ తోడబుట్టిన వాళ్ళకంటే ఎక్కువ. ఏళ్ళ తరబడి శత్రుదేశంలో తప్పుడు పేరుతో, తప్పుడు గడ్డంతో బతుకుతున్నాడు. ఇంట్లో అతని కూతురు నాన్నని ఫోటోలో తప్ప చూడలేదు.

"లాంచి సంగతి ఎవరెవరికి తెలుసు సార్?"

"నాకు, కల్యాణికి. ఇన్నయ్యకి కబురందించే లైన్లూ రెండే. ఒకటి నాది, రెండోది ఆమెది."

కల్యాణి డబుల్ ఏజెంట్. ముఠా ఆమెని తమ మనిషి అనుకుంటుంది, డిపార్ట్‌మెంటూ తమ మనిషే అనుకుంటుంది. ఎవరు మోసపోతున్నారో ఆమెకొక్కదానికే తెలుసు. పైగా ఆమె కంప్యూటర్లలో దిట్ట. రేపు నూజివీడుకి ఢిల్లీ ఆమెనే పంపుతోంది.

"ఇన్నయ్యని ఆపేద్దాం సార్. ఇప్పుడే."

"నువ్వు నమ్మాల్సింది నన్నా, ఆమెనా? తప్పు మనిషి చేతిలో పడితే ఆ కబురే అతనికి ఉరితాడు. ఆమె మీద కన్నేసి ఉంచు." చీఫ్ ఒక ఫ్లాపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది మిషన్లో పెట్టు. రిపేర్ అని కొట్టు. బతికితే బతుకుతుంది. మన వెంకటేశ్వర్లు జీపు తోలుకొస్తాడు."

మర్నాడు ఎండ నిప్పులు చెరుగుతుండగా జీపు నూజివీడు దాటి చాట్రాయి రోడ్డు పట్టింది. రెండువైపులా తోటలే. కాయల బరువుకి కొమ్మలు నేలని తాకుతున్నాయి. బసవపున్నారావు బొంబాయి సేటు వేషంలో ఉన్నాడు. సిల్కు లాల్చీ, మెడలో పూత గొలుసు, నోట్లో కిళ్ళీ. అద్దంలో చూసుకుని తనకి తనే నమస్కారం పెట్టుకున్నాడు, అంత బాగా కుదిరింది.

తోట మధ్యలో రేకుల షెడ్డు. లోపల కాయలు గ్రేడు చేసి చెక్కపెట్టెల్లో పేరుస్తున్నారు. కాటా దగ్గర నిలబడ్డ నడివయసు మనిషి కామేశ్వరి, పాండురంగారావు అక్క. తండ్రి పోయాక కొట్టూ, తమ్ముడి చదువూ రెండూ ఆవిడే నడిపింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కోడ్ వర్డ్ బసవపున్నారావు గంభీరంగా అప్పజెప్పాడు.

"కలెక్టర్ కాయ ఊరగాయకి పనికొస్తుందా?"

"ఊరగాయకి కాదు, ఊరేగింపుకి" అంది కామేశ్వరి విసుగ్గా. "ఈ మాటలు ఎవరు రాశారో గానీ మామిడికాయ మొహం చూసినవాడు కాదండీ. మీరు మాత్రం ఇక్కడివాళ్ళే. ఏ ఊరు?"

"ఎలా తెలిసింది?"

"గుమ్మంలోకి రాగానే కాయ తీసి తొడిమ దగ్గర వాసన చూశారు. బొంబాయి సేట్లు కాయని నొక్కుతారు."

"ముసునూరండీ" అన్నాడు బసవపున్నారావు. అంత కష్టపడి వేసుకున్న వేషం గుమ్మంలోనే ఊడిపోయింది.

షెడ్డు వెనక కాయలు మాగేసే గది. పాండురంగారావు మిషన్ని అందులోనే పెట్టుకున్నాడు. తలుపు తీయగానే వరిగడ్డి వేడి, పండిన రసాల వాసన మొహానికి కొట్టాయి. ఆ తీపి వాసన అడుగున ఇంకేదో ఉంది. కుర్చీ అలాగే ఉంది. కుర్చీ కింద చెప్పుల జత, ఇప్పుడే విడిచినట్టు. గచ్చు మీద మరకని ఎన్నిసార్లు కడిగారో, చుట్టూ సిమెంటు తెల్లబడింది గానీ మరక పోలేదు.

"ఇందులో కూలీలు అడుగు పెట్టడం లేదండీ" అంది కామేశ్వరి. "మిట్టమధ్యాహ్నం వాడు లోపల లెక్కపెడుతుంటే వినపడుతోందట. నాకు వినపడదు. వినపడితే బావుణ్ణనే నేనూ వచ్చి కూర్చుంటా."

బసవపున్నారావు చాలా చావులు చూశాడు. కొన్నిటికి కారణం కూడా అతనే. అయినా ఆ కుర్చీలో కూర్చోవాలంటే భయమేసింది. చెప్పుల్ని కాలితో జరపలేక, వంగి చేత్తో తీసి పక్కన పెట్టాడు.

కల్యాణి ఫియట్ కారు తనే నడుపుకుంటూ వచ్చి దిగింది. నీలం షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, వరిగడ్డిలో దిగబడుతున్న హీల్స్. గదిలోకి వచ్చాక కూడా అద్దాలు తీయలేదు. నేరుగా మిషన్ స్విచ్ వేసింది. ఫ్యాను తిరిగింది, డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి మూలిగాయి. స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో పచ్చగా ఒక తెలుగు మాట మెరిసింది.

'ఎవరు?'

ఆమె తన పేరు కొట్టింది. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది.

'భోంచేశావా?'

కామేశ్వరి గోడకి ఆనుకుంది. "ఎవరొచ్చినా వాడు ముందు అదే అడిగేవాడండీ. తిన్నానని కొట్టమ్మా. లేకపోతే ఊరుకోడు."

కల్యాణి 'తిన్నాను' అని కొట్టింది. మిషన్ లోపలికి రానిచ్చింది. ఆ వెంటనే చావుకబురు చెప్పింది. ఒకటి లేదు, నాలుగు లేదు, ఏడు లేదు. ఎర్రే ఫెయిల్డ్.

బసవపున్నారావు ఫ్లాపీ తీశాడు. కల్యాణి అతని మణికట్టు పట్టుకుంది.

"ఏంటది?"

"రిపేర్. చీఫ్ ఇచ్చారు."

ఆమె ఫ్లాపీని తన పోర్టబుల్ కంప్యూటర్లో పెట్టి చదివింది. "ఇది రిపేర్ కాదు బసవపున్నారావుగారూ. పోయిన డిస్కుల బదులు సున్నాలు పెట్టి, మిగిలినవాటి మీద మొత్తం తిరగరాస్తుంది. రోగికి మందు అని చెప్పి కొరివి పెట్టడం."

"చీఫ్‌కి కంప్యూటర్లు తెలియవు."

"తెలియకపోతే సంతోషమే. చదివితే నష్టం లేదు. ఒక్క అక్షరం రాశామంటే మాత్రం ఇక పాండురంగారావు మాట ఎప్పటికీ వినపడదు. ముందు చదువుదాం."

బసవపున్నారావు చెయ్యి లాల్చీ కింద రివాల్వర్ మీదుంది. ఈమె డిస్కుల్ని కాపాడుతోందా, లేక పొద్దుగూకేదాకా సాగదీస్తోందా? సాగదీస్తే ఇన్నయ్య లాంచి ఎక్కుతాడు. ఎక్కితే వాళ్ళమ్మాయికి ఆ ఫోటోయే మిగులుతుంది. ఎటూ తేలక అతనికి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

"చదవండి" అన్నాడు చివరికి.

"చదవడానికి డిస్కులేవి? నంబర్ల ప్రకారం చూస్తే అయిదే ఉన్నాయి. ఇవిగో, ఈ రెండూ ఎక్స్‌పర్ట్స్ పక్కన పడేసినవి." అట్టపెట్టెలోంచి రెండు డిస్కులు తీసింది. ఒక్కోటీ ఇటుకంత ఉంది. ఒకదాని మీద స్కెచ్ పెన్నుతో 'ఎల్', రెండోదాని మీద '6-1' అని ఉంది. "ఎల్ అంటే లాగ్ డిస్క్ అని, ఆరు-ఒకటి అంటే ఆరోదానికి స్పేర్ అని తేల్చారు."

ఎక్స్‌పర్ట్స్ లెక్కపెట్టుకోలేదా అంటే, లెక్కపెట్టారు. ఇంగ్లీషులో లెక్కపెట్టారు.

"దుమ్ము తుడిచి మళ్ళీ మొదట్నించీ చూద్దాం" అంది కల్యాణి. ఆమె డిస్కులు ఊడదీసి అందిస్తుంటే, కామేశ్వరి ఒక్కోదాన్నీ కొంగుతో తుడిచి, గోనెపట్టా మీద వరసగా పెట్టసాగింది. తూటా తగిలినదాన్ని మాత్రం రెండు చేతులా పట్టుకుని కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. పుట్టి పెరిగింది కొట్లోనే కాబట్టి పెట్టే ప్రతిదానికీ నోరు దానంతటదే లెక్క చెప్పింది.

"లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొక్కటి... ఎనిమిది."

బసవపున్నారావు ఉలిక్కిపడ్డాడు. "ఏమన్నారు?"

"ఎనిమిదండీ."

"దానికి ముందు!"

"ఆరున్నొక్కటి. కొట్లో ఏడు అంటామా ఏంటి? ఏడవమన్నట్టు ఉండదూ! మొదటిదాన్ని ఒకటి అన్నా మా నాన్న ఊరుకునేవాడు కాదు. మొదటిది లాభం."

బసవపున్నారావుకి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ముసునూరు కళ్ళంలో వడ్లు కొలుస్తుంటే చిన్నప్పుడు వంద సార్లు విన్న లెక్క. లాగ్ అన్నారు, స్పేర్ అన్నారు, తనూ తలూపాడు. పాండురంగారావు మిషన్ కట్టడం ఎక్కడ నేర్చుకున్నా, డిస్కులకి నంబర్లు వేసేటప్పుడు మాత్రం నాన్న కొట్లోనే కూర్చున్నాడు.

కల్యాణి నల్లకళ్ళద్దాలు తీసేసింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అవి ఒక్కరోజు ఏడ్చిన కళ్ళు కావు. "మూడేళ్ళు ల్యాబ్‌లో అతని పక్క టేబుల్ దగ్గరే కూర్చున్నాను. ఏడు అని ఎందుకు అనవోయ్ అని అడిగితే నవ్వేవాడు, చెప్పేవాడు కాదు." వరసని వేలితో మళ్ళీ లెక్కపెట్టింది. "అంటే పోయింది ఒక్క నాలుగోదే. ఒకటే అయితే వస్తుంది."

"ఎలా వస్తుందమ్మా, అది చచ్చిపోయిందిగా?" అంది కామేశ్వరి.

"లారీ మొత్తం బరువు మీకు ముందే తెలుసనుకోండి. ఒక గంప దారిలో పడిపోయింది. మిగిలినవి తూచి చూస్తే పడిపోయినదాని బరువు తెలియదూ? ఇదీ అంతే. ప్రతి వరసకీ మొత్తం లెక్క ఒక డిస్కులో దాస్తాడు. లేనిదాన్ని ఉన్నవాటిలోంచి రాబడతాం."

'ఎల్' ఒకటో స్థానంలోకి, '6-1' ఏడో స్థానంలోకి వెళ్ళాయి. నాలుగో చోటు ఖాళీ. కల్యాణి రీడ్-ఓన్లీ అని కొట్టి, కాసేపు కళ్ళు మూసుకుని ఎంటర్ నొక్కింది.

డిస్కులన్నీ ఒక్కసారి గుర్రుమన్నాయి. స్పీకర్లోంచి బరబరమని చప్పుడు వచ్చింది. దాని వెనక ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"లాభం... రెండు... మూడు..."

కుర్రగొంతు, కాస్త నిద్రమత్తుగా ఉంది. మైకు టెస్ట్ చేసుకుంటున్నాడు. బయట షెడ్డులో సుత్తి చప్పుళ్ళు ఆగిపోయాయి. కూలీలు విన్నారు.

"...ఆరు... ఆరున్నొక్కటి... ఎనిమిది. అక్కా, అన్నం పెట్టు. వస్తున్నా."

కామేశ్వరి చప్పున గుమ్మం వైపు చూసింది. బసవపున్నారావూ చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు. గుమ్మంలో ఎండ తప్ప ఎవరూ లేరు. ఆ ఇంట్లో ఏడు అనే మాటని తరతరాలుగా నోట్లోనే ఆపుకున్నారు. ఏడుపుని ఆపుకోవడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

తర్వాత టెలిఫోన్ మాటలు మొదలయ్యాయి. విదేశీ యాసలో ఒక గొంతు ఇంగ్లీషులో లాంచి ఏ రేవు నుంచని అడిగింది. రెండో గొంతు తాపీగా, అక్షరం అక్షరం విడదీసి రేవు పేరు చెప్పింది. "ఇన్నయ్య ఈ ఒడ్డు చేరకూడదు" అని కూడా చెప్పింది. నిన్న ఉదయం బల్లకి అవతల కూర్చుని 'నువ్వు నమ్మాల్సింది నన్నా, ఆమెనా' అని అడిగిన గొంతే అది.

"శేషగిరిరావు" అన్నాడు బసవపున్నారావు. పదిహేనేళ్ళు సార్ అని పిలిచిన మనిషిని పేరుతో పిలవడం అదే మొదలు. "కల్యాణిగారూ, మీ లైను. ఇన్నయ్యని ఆపండి."

"ఎవరూ ఎవర్నీ ఆపొద్దు సార్."

గుమ్మంలో డ్రైవర్ వెంకటేశ్వర్లు. ఇందాకటిదాకా జీపు కింద తువ్వాలు పరుచుకుని గురక పెట్టిన మనిషి. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది. "మేడమ్, చీఫ్‌గారి ఫ్లాపీ పెట్టండి. రిపేర్ కొట్టండి. మీరు రివాల్వర్ కింద పడేయండి సార్."

రివాల్వర్ గడ్డిలో పడింది. కల్యాణి ఫ్లాపీ పెట్టి, అక్షరాలు ఒక్కొక్కటే కొట్టింది. వేలు ఎంటర్ మీద ఆగింది. గుమ్మం అవతల ఎండ అప్పుడే పసుపు రంగుకి తిరుగుతోంది.

బసవపున్నారావు నోటికొచ్చింది అన్నాడు. "వెంకటేశ్వర్లూ, ఇది కాయలు మాగేసే గది. ప్రతి గంపలో కార్బైడ్ పొట్లం ఉంది, గది నిండా గ్యాసే. నువ్వు కాల్చావంటే నీ బూడిద కూడా దొరకదు."

వెంకటేశ్వర్లు నవ్వాడు. "ఊరుకోండి సార్. అప్పుడు మాత్రం కార్బైడ్ లేదా? కాల్చాను, ఏమైంది?"

తను ఏమన్నాడో వెంకటేశ్వర్లుకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. కామేశ్వరికి అంత కూడా పట్టలేదు. గుమ్మం పక్కన చిన్న కాటా ఉంది. దాని మీద అయిదు కిలోల తూకపు రాయి ఉంది. పాతికేళ్ళుగా రోజూ ఎత్తి దించుతున్న రాయి, చేతికి అలవాటైన బరువు. అది వెంకటేశ్వర్లు మోచేతి మీద పడిన చప్పుడు, అతని అరుపు కలిసే వినిపించాయి. పిస్టల్ జారి గంపల్లోకి దొర్లింది. బసవపున్నారావు అతని మీద పడి పూత గొలుసుతోనే చేతులు కట్టేశాడు. సేటు వేషం ఆ రోజుకి ఆ ఒక్క పనికీ వచ్చింది.

కామేశ్వరి రెండో రాయి ఎత్తింది.

"వద్దమ్మా" అన్నాడు బసవపున్నారావు. "ఇతను మాట్లాడాలి."

ఆవిడ చాలాసేపు ఎత్తిన చెయ్యి దించలేదు. చివరికి రాయిని తీసుకెళ్ళి కాటా మీద దాని చోట్లో పెట్టింది.

కల్యాణి ఎంటర్ మీంచి వేలు తీసి, కొట్టిందంతా చెరిపేసింది. హ్యాండ్‌బ్యాగులోంచి పౌడరు డబ్బా తీసింది. అద్దం వెనక ట్రాన్స్‌మిటర్. 'రసాలు రావడం లేదు, బండి ఎక్కొద్దు' అని గోటితో మోర్స్ కొట్టింది. జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. తోటలో చెట్ల నీడలు పొడుగై ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పొద్దు కొమ్మల కిందికి దిగింది. బసవపున్నారావు గడ్డిలో కూర్చుని దేవుళ్ళకి మొక్కాడు, తన దేవుడికీ, చర్చిలో ఉండే ఇన్నయ్య దేవుడికీ కూడా.

డబ్బా టిక్కుమంది. కల్యాణి వింటూ పైకి చదివింది. "'ఒక కాలు లాంచిలో పెట్టాను. తీసేశాను.'"

బసవపున్నారావు గడ్డిలోనే వెల్లకిలా పడుకుని పిచ్చివాడిలా నవ్వాడు.

షెడ్డులోని ఫోన్ నుంచి ఢిల్లీకి లైట్నింగ్ కాల్ వెళ్ళింది. శేషగిరిరావు చేతిలో కాఫీ చల్లారకముందే అతని గుమ్మం ముందు రెండు జీపులు ఆగాయి. డిస్కుల్ని వెంటనే సీలు చేసి గన్నవరం చేర్చమనీ, అక్కడ స్పెషల్ విమానం ఎదురుచూస్తోందనీ, టాప్ సీక్రెట్ కాబట్టి బయటివాళ్ళెవరూ ఒక్క మాట వినకూడదనీ ఆర్డర్ వచ్చింది.

బసవపున్నారావు గదిలోకి వచ్చాడు. కామేశ్వరి ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది.

"ఆ ఇన్నయ్యగారు బతికినట్టేనా అండీ?"

"బతికాడమ్మా. మీ తమ్ముడు బతికించాడు."

ఆవిడ తలూపింది. ఎవరినీ చూడకుండా అడిగింది. "వాడి మాట... ఇంకొక్కసారి వినిపిస్తారా?"

కల్యాణి బసవపున్నారావు వైపు చూసింది. ఒక డిస్కు లేకుండా నడుస్తున్న మిషన్. నడుస్తుండగా ఇంకోటి చస్తే గొంతూ, సాక్ష్యం అన్నీ పోతాయి. పైగా కామేశ్వరి బయటి మనిషి. రూల్స్ అన్నీ ఒకవైపు ఉన్నాయి.

"వినిపించండి" అన్నాడతను. "ఆవిడ చాలనేదాకా."

విమానం ఆలస్యానికి సంజాయిషీ ఇమ్మని ఢిల్లీ అడిగితే, బసవపున్నారావు 'నూజివీడులో కరెంటు పోయింది' అని రాసి పంపాడు. వేసవిలో ఆ మాటని కాదనే ధైర్యం ఏ ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌కీ లేదు.